టెక్సాస్ ఏ అండ్ ఎం బాన్‌ఫైర్: దుంగలు ఎలా పేర్చేవారు, 1999లో ఎందుకు కూలింది?

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని కాలేజ్ స్టేషన్‌లో మన పిల్లలు చాలామందే చదువుతున్నారు. ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఈశాన్య మూలన రాళ్లతో కట్టిన పెద్ద వలయం ఒకటి ఉంది. అది బాన్‌ఫైర్ స్మారకం అని చెబుతారు. ఆ బాన్‌ఫైర్ అంటే ఏంటి, అంత పెద్ద మంటని విద్యార్థులే ఎలా పేర్చేవారు, అది ఎందుకు కూలింది అన్నది తెలుగులో వివరంగా ఎక్కడా కనబడలేదు. వార్తల్లో వచ్చిన పై పై మాటలు కాదు, పని ఎలా జరిగేదో కావాలి. తెలిసినవాళ్లు రాయగలరు.

దుంగలబండి:
పెన్నాతీరం గారూ, మొదలు నుంచి చెబుతాను.

ఏటా థాంక్స్‌గివింగ్ రోజుల్లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంతో ఫుట్‌బాల్ పోటీ ఉండేది. దానికి ముందు వేసే మంట ఇది. ప్రాంగణంలో 1909లో మొదలైంది. అప్పట్లో దొరికిన చెత్త, పాత చెక్కలు, పెట్టెలు పోగేసి అంటించేవారు. మన భోగిమంటకి పిల్లలు వీధి వీధీ తిరిగి పాత సామాను పోగుచేసినట్టే. 1935లో విద్యార్థులు ఒక రైతు కొట్టాన్ని దుంగలకి దుంగలు ఊడబీకి తెచ్చి మంటలో వేసేశారు. ఆ రైతు ఫిర్యాదు చేశాక, దీన్ని అదుపులో పెట్టాలని యాజమాన్యమే రంగంలోకి దిగింది. 1936 నుంచి గొడ్డళ్లు, రంపాలు, లారీలు ఇచ్చి, ఫలానా చోట చెట్లు కొట్టుకోండి అని చూపించింది. చెత్తకుప్ప కాస్తా దుంగల కట్టడంగా మారింది ఇక్కడే.

అప్పటి ఏ అండ్ ఎం సైనిక శిక్షణ కాలేజీ. 1965 దాకా కేడెట్ దళంలో చేరడం తప్పనిసరి. వేకువనే లేవడం, వరసలో నిలబడి మోయడం, పై తరగతి వాడు చెప్పింది కింది తరగతి వాడు చేయడం వాళ్లకి రోజూ ఉన్నదే. బాన్‌ఫైర్ పని అంతా ఆ క్రమశిక్షణ మీదే నడిచింది.

మందారం:
ఎత్తు ఎంత ఉండేదండీ? 100 అడుగులు దాటిందని విన్నాను. నిజమేనా?

దుంగలబండి:
నిజమే. 1969లో 109 అడుగుల 10 అంగుళాలు. ఆ తర్వాత విశ్వవిద్యాలయం హద్దు పెట్టింది: ఎత్తు 55 అడుగులు, వెడల్పు 45 అడుగులు దాటకూడదు. చాలామంది 109 అడుగుల బొమ్మ చూసి 1999లో కూలింది కూడా అంత ఎత్తుదే అనుకుంటారు. కాదు. కూలింది దానికన్నా బాగా పొట్టి కట్టడం. ఎత్తు తగ్గించారు కాబట్టి ప్రమాదం తగ్గింది అనుకోవడం సగం నిజమే. ఎందుకో ఇంజినీరింగ్ తెలిసినవాళ్లు చెప్పాలి.

సివిల్ శేషు:
చెబుతాను. కానీ ముందు పని ఎలా జరిగేదో తెలిస్తేనే తప్పు ఎక్కడ దూరిందో అర్థమవుతుంది. దుంగలబండి గారు ఆ వరస పూర్తి చేయండి.

దుంగలబండి:
సరే. వాళ్ల భాషలో పనికి నాలుగు పేర్లు: కట్, లోడ్, స్టాక్, పుష్.

కట్ అంటే చెట్లు కొట్టడం. భూమి చదును చేయించుకోవాలనుకునే యజమానుల అడవిలో, శని ఆదివారాల్లో తెల్లవారకముందే వెళ్లేవారు. పని ఎక్కువగా గొడ్డలితోనే. చెట్టు ఎటు ఒరగాలో ఆ వైపు ముందు లోతుగా గాటు పెట్టి, ఎదుటి వైపు దానికన్నా కాస్త పైన రెండో గాటు. రెండు గాట్ల మధ్య కొంచెం చెక్క మిగలాలి. చెట్టు వాలేటప్పుడు తలుపుకి బందులాగా పట్టి ఉంచేది ఆ మిగిలిన చెక్కే. అది పూర్తిగా తెగిపోతే మొదలు ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఇంకో పెద్ద చిక్కు, కొట్టిన చెట్టు పక్క చెట్టు కొమ్మల్లో ఇరుక్కోవడం. అలాంటిదాని కిందికి ఎవరినీ పోనివ్వకూడదు. కొమ్మలు నరికి, దుంగని వరసగా భుజాల మీదికెత్తుకుని దారి దాకా మోసేవారు.

లోడ్ అంటే లారీలకి ఎత్తడం. పచ్చి ఓక్ ఘనపుటడుగు 60 పౌండ్ల దాకా తూగుతుంది. అడుగు మందం, 15 అడుగుల పొడవు ఉన్న దుంగ దాదాపు 700 పౌండ్లు, అంటే 320 కిలోల దరిదాపు. పది మంది భుజం పడితే ఒక్కొక్కరి మీద 32 కిలోలు. కానీ బరువు సమానంగా పంచుకోవాలంటే అందరూ ఒకే ఎత్తు వాళ్లుండాలి. పొడుగువాళ్ల మధ్య పొట్టివాడు నిలబడితే వాడి భుజానికి దుంగ తగలదు, వాడి వాటా పక్కవాడి మీద పడుతుంది. అందుకే ఎత్తు చూసి వరస నిలపాలి, ఎత్తడం దించడం ఒకే కేకకి జరగాలి.

స్టాక్ అంటే పేర్చడం. ముందు మధ్య స్తంభం పాతాలి. కరెంటు స్తంభాల్లాంటి రెండు పొడవాటి మానులని కొసలు చెక్కి ఒకదానిమీద ఒకటి అతికి, బోల్టులు బిగించి ఒక్క స్తంభంగా చేసేవారు. దాని చుట్టూ దుంగలని నిలువుగా ఆనించి, ఒక్కోదాన్నీ పక్కదానికి ఇనప తీగతో కట్టడం. పై వరసలకి దుంగని క్రేన్ ఎత్తేది. తాళ్ల ఉయ్యాలల్లో వేలాడుతూ విద్యార్థులే తీగ బిగించేవారు.

పుష్ అంటే చివరి రోజుల పరుగు. రాత్రీ పగలూ వంతులు వేసుకుని పని. 1999లో కూలింది అలాంటి అర్ధరాత్రి వంతులోనే.

వాలుకుర్చీ:
ఎవరు ఎవరికి చెప్పేవారో కూడా రాయండి. ఇంత మంది పిల్లలు, ఇంత బరువు, మేస్త్రీ ఎవరు?

దుంగలబండి:
మేస్త్రీలూ విద్యార్థులే. తలకి పెట్టుకునే టోపీని పాట్ అనేవారు. దాని రంగే హోదా. రెడ్‌పాట్లు అందరికంటే పైన, మొత్తం కట్టడం వాళ్ల చేతిలో. వాళ్ల కింద బ్రౌన్‌పాట్లు. ఒక్కో హాస్టల్ జట్టుని నడిపించేది ఎల్లోపాట్లు. ఈ ఏడు రెడ్‌పాట్ అయినవాడు నిరుడు పెద్దవాళ్ల పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాడే. రాత ప్రతి లేదు, డ్రాయింగ్ లేదు. నాలుగేళ్లలో మొత్తం జట్టు మారిపోతుంది.

సివిల్ శేషు:
ఇప్పుడు నా వంతు. కొంచెం పొడుగు అవుతుంది.

1978 దాకా కట్టడం గుడారం ఆకారంలో ఉండేది. దుంగలన్నీ మధ్య స్తంభం వైపు వాలి ఉండేవి. వాలిన దుంగ బరువు కొంత నేల మీద, కొంత మధ్య స్తంభం మీద పడుతుంది. అన్ని వైపుల నుంచీ నెట్టుకుంటూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. కూలితే లోపలికి కూలడమే సహజం. 1978 నుంచి ఆకారం మార్చారు. పెళ్లి కేకులాగా అంతస్తుల మీద అంతస్తు. కింద వెడల్పు వలయం, దానిమీద కొంచెం చిన్నది, ఇంకా పైన ఇంకా చిన్నది. దుంగలు దాదాపు నిటారుగా నిలబడతాయి. ఇక్కడే అసలు సంగతి మారింది. నిటారుగా నిలబెట్టిన దుంగలు లోపలికి కాదు, బయటికి విచ్చుకోవాలని చూస్తాయి.

మన పల్లెల్లో వడ్లు నిలవచేసే పురి గుర్తుందా? గడ్డితాడుని చుట్టూ చుట్టుకుంటూ పోయి లోపల ధాన్యం పోస్తారు. ధాన్యం బయటికి నెడుతుంది, తాడు బిగువు ఆపుతుంది. తాడు ఒక్క చోట వదులైతే పొట్ట ఉబ్బుతుంది. బాన్‌ఫైర్‌లో ధాన్యం స్థానంలో దుంగలు, గడ్డితాడు స్థానంలో కట్టుతీగ.

లెక్క ఏమిటంటే, వలయం మీద పడే లాగుడు సమానం లోపలి నెట్టుడు ఇంటూ వ్యాసార్ధం. అదే నెట్టుడుకి వలయం రెండింతలు వెడల్పయితే తీగ మీద లాగుడు రెండింతలు. 45 అడుగుల వెడల్పున్న కింది అంతస్తు కట్టుకి, దాని సగం వెడల్పున్న పై అంతస్తు కట్టు కన్నా రెట్టింపు బలం కావాలి. అంతస్తు ఎక్కేకొద్దీ కింద నెట్టుడు ఇంకా పెరుగుతుంది. కాబట్టి 109 అడుగుల గుడారం నిలిచింది కదా, 55 అడుగుల కేకు ఎందుకు నిలవదు అన్న లెక్క పొరపాటు. ఎత్తు ఒక్కటే ప్రమాదం కాదు. ఆకారం మారితే బరువు పోయే దారి మారుతుంది.

మందారం:
శేషు గారూ, పై దుంగలు కింది దుంగల తలల మీద ఎలా నిలబడతాయి? జారిపోవా?

సివిల్ శేషు:
సరైన చోట పట్టుకున్నారు.

దుంగ మొదలు లావు, కొస సన్నం. పైగా ఏ చెట్టూ గీత గీసినట్టు ఉండదు, వంకరలుంటాయి. మొదళ్లు కిందికి పెట్టి నిలబెడితే పైన కొసల మధ్య సందులు మిగులుతాయి. రెండో అంతస్తు దుంగ అడుగుని ఆ సందుల్లోకి దిగగొట్టేవారు. జారకుండా నిలుస్తుంది, గట్టిగా పట్టినట్టూ ఉంటుంది. కానీ అది చీల కొట్టినట్టే. మొద్దుని చీల్చడానికి ఇనప చీల దిగగొడితే ఏం జరుగుతుంది? చీల కిందికి దిగేకొద్దీ మొద్దు రెండు పక్కలకీ విచ్చుకుంటుంది. ఇక్కడ మొద్దు స్థానంలో మొదటి అంతస్తు మొత్తం ఉంది.

ఒక ఉదాహరణ వేసి చూడండి. 700 పౌండ్ల దుంగ సందులో దిగింది, రెండు వైపులా నిలువుకి 10 డిగ్రీల వాలు ఉంది అనుకుందాం. రాపిడి వదిలేస్తే ఒక్కో పక్కకి నెట్టుడు 700ని 10 డిగ్రీల టాంజెంట్ రెట్టింపుతో భాగిస్తే వస్తుంది, అంటే దాదాపు 2000 పౌండ్లు. తన బరువుకి దాదాపు మూడింతలు అడ్డంగా నెడుతోంది. రాపిడి ఉంటే ఈ అంకె తగ్గుతుంది, నిజమే. కానీ దుంగని దెబ్బ కొట్టి దించినప్పుడు అదే రాపిడి బిగువుని లోపలే పట్టి ఉంచుతుంది, వెనక్కి వదలదు. అలాంటి దుంగలు వందల్లో ఉంటే లోపలి బిగువు ఎంతకి చేరిందో బయట నిలబడి చూసేవాళ్లకి కనబడదు. పైగా గట్టిగా దిగిన కొద్దీ పని బాగా చేశాం అనిపిస్తుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే భయంకరంగా అనిపించేది ఇదే. గట్టిదనం కోసం చేసిన పనే కట్టడాన్ని బద్దలు చేసింది.

వాలుకుర్చీ:
వాన వల్ల నేల మెత్తబడి ఒరిగింది అని ఒక చోట చదివాను. అది కారణం కాదా?

దుంగలబండి:
అది 1994 సంగతి వాలుకుర్చీ గారూ. ఆ ఏడు వానలకి నేల నాని కట్టడం ఒరిగింది. విప్పేసి మళ్లీ కట్టారు, సమయానికి వెలిగించారు. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు.

సివిల్ శేషు:
1994ని ఊరికే పక్కన పెట్టకండి. అప్పుడు కారణం నేల అని తేలింది కాబట్టి అందరి చూపూ నేల మీదికే పోయింది. కట్టడం తనంతట తాను పగలగలదా అన్న ప్రశ్న అడగాల్సింది అప్పుడే.

1999 సంగతికి వస్తే: నవంబర్ 18, తెల్లవారుజామున 2 గంటల 42 నిమిషాలు. దాదాపు 5000 దుంగలు. పని మీద ఉన్నది 58 మంది. 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో 11 మంది విద్యార్థులు, ఒకరు పాత విద్యార్థి.

విచారణకి హ్యూస్టన్ నిర్మాణ సంస్థల పెద్ద లియో లిన్‌బెక్ అధ్యక్షుడిగా ప్రత్యేక కమిషన్ వేశారు. 2000 మే 2న నివేదిక ఇచ్చారు. తేల్చింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. లోపలి బిగువు హద్దు మీరింది, దానికి ముఖ్య కారణం రెండో అంతస్తు దుంగల్ని మొదటి అంతస్తులోకి విపరీతంగా దిగగొట్టడం. ఆ బిగువుని ఆపాల్సిన కట్టుకి బలం చాలలేదు. కట్టుతీగ చాలలేదు సరే, అంతకుముందు ఏళ్లలో మొదటి అంతస్తు చుట్టూ ఉక్కు కేబుల్ చుట్టేవారు. 1999లో అది వేయలేదు.

మందారం:
కేబుల్ ఒక్కటి వేసి ఉంటే?

సివిల్ శేషు:
నిలిచేదని నేను రాయను. కానీ తేడా ఇది. దుంగకీ దుంగకీ వేసే తీగ కట్లు గొలుసులాంటివి. వాటిలో బలహీనమైన ఒక్క ముడి తెగితే దాని భారం పక్క ముడి మీద పడుతుంది, అదీ తెగుతుంది, చీర చిరిగినట్టు పరుగెడుతుంది. చుట్టూ ఒకే కేబుల్ తిరిగి ఉంటే అది బండి చక్రానికి ఇనప పట్టా లాంటిది. ఆకులూ నాభీ ఎంత గట్టివైనా పట్టా లేని చక్రంతో ఎవరైనా బండి తోలతారా?

ఇంకోటి. ఈ కేబుల్ ఎందుకు ఉందో రాసిన కాగితం ఉంటే ఎవరూ తీసేసేవారు కాదు. ఎప్పటినుంచో వేస్తున్నాం అన్న అలవాటు మాత్రమే ఉంటే, ఈసారి వేయకపోయినా నష్టం లేదనిపిస్తుంది. రాతపూర్వకమైన డిజైన్ గానీ, డిజైన్ పద్ధతి గానీ లేకపోవడాన్ని కమిషన్ ప్రత్యేకంగా ఎత్తిచూపింది. ప్రమాదాన్ని గుర్తించనివ్వని అక్కడి వాతావరణాన్ని కూడా తప్పుపట్టింది.

పెన్నాతీరం:
విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ ఆచార్యులు ఉన్నారు కదా. అంత పేరున్న విభాగం పక్కనే ఉండి ఎలా జరిగింది?

వాలుకుర్చీ:
ఆ ప్రశ్నకి సూటి సమాధానం అదే కమిషన్ మాటల్లో ఉంది. తనిఖీ ఉండేది, కానీ తాగుడు, ర్యాగింగ్, అల్లరి మీద. పిల్లలు ఎలా నడుచుకుంటున్నారని చూశారు, దుంగలు ఎలా నిలబడుతున్నాయని చూడలేదు. ఇది విద్యార్థుల సంబరం అన్న ముద్ర పడింది కాబట్టి కట్టడంగా ఎవరి పద్దులోకీ రాలేదు. పదిహేను అడుగుల గోడ కట్టాలంటే అనుమతి కావాలి, సంతకం కావాలి. 5000 దుంగలకి అక్కర్లేకపోయింది. పిల్లల మీద నింద వేయడం అన్యాయం. వాళ్లు ఎవరో చెప్పింది చెప్పినట్టు నిష్ఠగా చేశారు.

దుంగలబండి:
ఇదే మాట నేనూ గట్టిగా అంటాను.

కూలాక జరిగింది కూడా చెప్పాలి. దుంగల కింద మనుషులు ప్రాణాలతో ఉండొచ్చు కాబట్టి యంత్రాలతో ఒక్కసారిగా లాగే వీల్లేదు. ఒక దుంగ కదిపితే ఇంకో పది జారతాయి, మన పిల్లలాడే పుల్లల ఆటలో లాగానే. అందుకే చాలా దుంగల్ని చేతులతో, ఒక్కోటీ చూసుకుని తీశారు. ఫుట్‌బాల్ జట్టు, కేడెట్లు వచ్చి మోశారు. కట్టేటప్పుడు ఏ పద్ధతిలో మోశారో అదే పద్ధతి, వరసగా భుజాల మీద.

వారం తిరిగాక, నవంబర్ 26న, పోటీ జరిగింది. ఏ అండ్ ఎం 20-16తో గెలిచింది. ఆట మధ్యలో టెక్సాస్ విశ్వవిద్యాలయం బ్యాండు టోపీలు తీసి నిలబడింది. వంద ఏళ్ల పోటీదారులు.

మందారం:
ఆ పోటీ గురించే ఒక చిన్న ప్రశ్న. మంట అర్ధరాత్రి దాకా నిలబడితే గెలుపు అనే నమ్మకం ఉండేదట?

దుంగలబండి:
అవును, మధ్య స్తంభం అర్ధరాత్రి దాటి నిలబడితే మర్నాడు గెలుపు మనదే అని. కట్టడం శిఖరాన నారింజ రంగు వేసిన చిన్న మరుగుదొడ్డి గుడిసె పెట్టేవారు, అది ఎదుటి జట్టు రంగు.

పెన్నాతీరం:
స్మారకంలో 89 రాళ్లు అని చదివాను. 1909 నుంచి 1998 దాకా లెక్కేస్తే 90 కదా?

వాలుకుర్చీ:
1963 లేదు. ఆ ఏడు కట్టడం పూర్తయింది, కానీ నవంబర్ 22న కెనడీ హత్య జరిగింది. వెలిగించకుండా విప్పేశారు. అందుకే ఆ రాళ్లు ఏడాది వరసన పరిచిన చరిత్ర బాటలో ఆ ఏడు దగ్గర ఖాళీ వదిలారు. నడిచేటప్పుడు గమనించండి, అడుగు పడే చోట రాయి ఉండదు.

కృష్ణలంక:
ఇప్పుడు మంట వేయడం పూర్తిగా మానేశారా? కొందరు ఇంకా వేస్తున్నారంటున్నారు.

సివిల్ శేషు:
ప్రాంగణంలో మానేశారు. 2002లో విశ్వవిద్యాలయం ఇక వద్దని తేల్చింది. టెక్సాస్ విశ్వవిద్యాలయంతో ఆగిపోయిన పోటీ 2024లో మళ్లీ మొదలైనప్పుడు, మంట కూడా తిరిగి తెద్దామన్న ఆలోచన వచ్చింది. యాజమాన్యం ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనదే అని నా అభిప్రాయం.

ప్రాంగణం బయట, విశ్వవిద్యాలయంతో సంబంధం లేకుండా, విద్యార్థులు వేరే మంట వేస్తున్నారు. చూడటానికి అదే అంతస్తుల ఆకారం. లోపల మాత్రం ఒక్క నియమం మొత్తాన్ని మార్చేసింది: ప్రతి దుంగా నేలకి ఆనాలి. దుంగ మీద దుంగ లేదు. బయటి వరసకి పొట్టి దుంగలు, లోపలికి వెళ్లేకొద్దీ పొడుగు దుంగలు. దాంతో చీల దిగగొట్టడం అన్న మాటే ఉండదు. ఎవరి బరువు వాళ్ల కాలి కిందికి పోతుంది. మధ్య స్తంభం చుట్టూ 24 అడుగుల స్తంభాలు నాలుగు పెట్టి, ఉక్కు గొట్టంతో మధ్య స్తంభానికి బోల్టులతో బిగిస్తారు.

మందారం:
అంటే పొడుగు దుంగలు ఎక్కువ కావాలి కదా? పని పెరగదా?

సివిల్ శేషు:
పెరుగుతుంది. మధ్య వరసలకి పొడుగ్గా, తిన్నగా ఉన్న చెట్లే వెతకాలి, మోయడం కష్టం, నిలబెట్టడం కష్టం. పాత పద్ధతిలో 15 అడుగుల దుంగ మీద ఇంకో 15 అడుగులది పెడితే సరిపోయేది. ఆ సౌకర్యం కోసమే అంతస్తులు పుట్టాయి. ఈ కష్టం తప్పించుకోకూడదు.

కృష్ణలంక:
మా తమ్ముడి కొడుకు ఆగస్టులో చేరుతున్నాడు. స్మారకం చూడటానికి ఎటు నుంచి వెళ్లాలి, ఏం చూడాలో చెప్పండి.

వాలుకుర్చీ:
మంట పేర్చిన పోలో మైదానంలోనే ఉంది. 1992 నుంచి మంట అక్కడే వేసేవారు, అంతకుముందు డంకన్ మైదానంలో. ముందు చరిత్ర బాట మీద నడవమనండి, అది తిన్నగా వలయానికి తీసుకెళుతుంది. వలయం 170 అడుగుల వెడల్పు. అందులో 12 ద్వారాలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరి పేరున. ప్రతి ద్వారాన్నీ ఆ విద్యార్థి సొంత ఊరి దిక్కుకి తిప్పి కట్టారు. అందుకే ద్వారాల మధ్య దూరాలు సమానంగా ఉండవు. వాటిని కలిపే 27 రాళ్లు గాయపడ్డవాళ్ల కోసం. ద్వారంలోకి అడుగుపెట్టి నిలబడితే ఆ ఊరి వైపే చూస్తున్నట్టు. స్మారకాన్ని 2004 నవంబర్ 18న ప్రారంభించారు. ఏటా ఆ తేదీన తెల్లవారుజామున 2:42కి జనం అక్కడ చేరతారు. అబ్బాయికి వీలైతే ఆ వేళకే వెళ్లమనండి. నవంబర్‌లో చలి ఉంటుంది, స్వెట్టర్ వేసుకోమనండి.